ఇంటర్నెట్ వింతలు: అందరూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నెట్‌లో కనిపించే వింతలంటే నాకు చాలా ఇష్టం. ఆ సంగతి తెలిసినవాళ్లు ఏదైనా విచిత్రమైన మెసేజ్ రాగానే నాకు పంపి "ఇది నిజమేనా?" అని అడుగుతారు. ఇవాళ బావగారు అడిగిన ప్రశ్నే వారం తిరక్కుండా ఆఫీసులో ఇంకొకరు అడుగుతారు. అందుకే తరచూ వచ్చే సందేహాలన్నిటికీ జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలిసిన వింతలే నాకు బాగా నచ్చుతాయి. వెనకాల ఓ మనిషి, ఆ మనిషికి ఓ చిన్న అవసరం కనిపించాలి. ఇక్కడ ఎక్కువగా అలాంటివే ఉన్నాయి.

## మొదటిసారి విన్నప్పుడు

తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను పడగొట్టిందట, నిజమేనా?

నిజమే. 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఒక ప్రత్యేకమైన ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని తెరపై చూపించబోయిన యాప్ ఠక్కున మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే అక్షరం ఎదురయ్యేది, మళ్లీ మూసుకుపోయేది. ఐప్యాడ్‌లు, మ్యాక్‌లు, యాపిల్ వాచీలదీ అదే పరిస్థితి. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

ఇందులో అసలు సంగతి లోపల ఉంది. మన కంటికి ‘జ్ఞా’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది నాలుగు గుర్తుల వరుస: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఇబ్బంది పెట్టిన వరుసలో ఐదోది కూడా ఉంది. ఞ కీ దీర్ఘానికీ మధ్య, కంటికి కనబడని గుర్తు. "ముందున్నదాన్ని వెనకున్నదానితో కలపకు" అని చెప్పడమే దాని పని. మనం దాన్ని రోజూ వాడుతూనే ఉంటాం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట్ పక్కన వే విడిగా నిలబడిందంటే ఆ గుర్తు ఉన్నట్టు. దాన్ని తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది, వ కాస్తా ట కింద వత్తుగా చేరిపోతుంది. అలా విడదీసే గుర్తు దీర్ఘం ముందు వచ్చి కూర్చునేసరికి, అక్షరాలు గీసే యాపిల్ ప్రోగ్రాం ఏం చేయాలో తెలియక కుప్పకూలింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి కొన్ని వరుసలు అదే పని చేశాయి. కానీ వార్తల్లో మాత్రం తెలుగు పేరే మోగిపోయింది. తప్పు మన అక్షరానిది కాదు, దాన్ని గీయడం పూర్తిగా నేర్చుకోని ప్రోగ్రాంది. ఈ మాట చెప్పే అవకాశం వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉంటాను.

అయితే నేను "జ్ఞానం" అని టైప్ చేస్తే ఎదుటివాళ్ల ఫోన్ ఆగిపోతుందా?

ఆగదు. అప్పుడు కూడా ఆగలేదు. మామూలుగా కొట్టే ‘జ్ఞానం’లో కంటికి కనబడని ఆ విడదీసే గుర్తు ఉండదు. అది మధ్యలో పడిన వరుసతోనే చిక్కు, ఆ చిక్కు కూడా 2018లోనే విడిపోయింది. నిశ్చింతగా రాసుకోండి.

కాఫీ అయిపోయిందో లేదో చూడటానికి ప్రపంచంలో మొదటి వెబ్ కెమెరా పెట్టారా?

అవును. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబ్‌లో, 1991లో. ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒకే ఒక్క కాఫీ ఫిల్టర్ ఉండేది. వేరే గదుల్లో, వేరే అంతస్తుల్లో పనిచేసేవాళ్లు కప్పు పట్టుకుని మెట్లు దిగి వచ్చేసరికి కూజా ఖాళీ. వచ్చిన మెట్లే మళ్లీ ఎక్కాలి. క్వెంటిన్ స్టాఫోర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్కీ కలిసి కూజాకి ఎదురుగా ఓ కెమెరా బిగించి, ప్రోగ్రాం రాసి, దాని బొమ్మ అందరి కంప్యూటర్లలో ఓ మూల కనిపించేలా చేశారు. బొమ్మ 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు, అదీ నలుపు తెలుపుల్లో. నిమిషానికి మూడుసార్లు మారేది. కూజా ఎంత నిండిందో తెలియడానికి అది సరిపోతుంది కదా.

1993లో దాన్ని వెబ్‌లో పెట్టారు. అప్పటినుంచి ఎక్కడెక్కడి జనమో తాము ఎన్నడూ తాగబోని కాఫీని చూడటం మొదలుపెట్టారు. ల్యాబ్ కొత్త భవనానికి మారే సమయంలో, 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేశారు. చివరి కాఫీ మెషీన్‌ను ఈబేలో వేలం వేస్తే జర్మనీకి చెందిన వార్తల సైట్ ష్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు కొనుక్కుంది. నెట్‌లో ఇన్ని వింతలున్నా నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఎవరూ చరిత్ర సృష్టించాలనుకోలేదు. వాళ్లకి కావలసింది వేడి కాఫీ.

ఇంటర్నెట్‌లో వెళ్లిన మొట్టమొదటి మాట "లో" అట. అదేం మాట?

సగంలో ఆగిపోయిన మాట. 1969 అక్టోబర్ 29 రాత్రి పదిన్నరకి, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటర్‌కి "లాగిన్" అని ఒక్కో అక్షరం కొట్టి పంపడం మొదలుపెట్టాడు. అవతల బిల్ డువాల్ ఉన్నాడు. ఎల్ చేరింది, ఓ చేరింది, జీ కొట్టగానే అవతలి కంప్యూటర్ పడిపోయింది. దాదాపు గంట తర్వాత సరిచేసి పూర్తి మాట పంపగలిగారు. నేటి ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో వెళ్లిన మొదటి సందేశం అలా రెండక్షరాలదే అయింది.

పావురాలతో ఇంటర్నెట్ నడిపారని విన్నాను. సరదాకి చెప్పుకునే కథేనా?

మొదలైంది సరదాగానే, తర్వాత నిజంగా చేసి చూశారు. ఇంటర్నెట్ ఎలా పనిచేయాలో చెప్పే నియమాలను ఆర్ఎఫ్‌సీలు అనే పత్రాలుగా ప్రచురిస్తారు. 1990 ఏప్రిల్ 1న డేవిడ్ వైట్జ్‌మన్ 1149 నంబరు పత్రం రాశాడు. డేటాను కాగితం మీద అచ్చువేసి, చుట్టి, పక్షి కాలికి కట్టి పంపే పద్ధతి అది. ఏప్రిల్ ఫూల్ పత్రమే అయినా రాసిన తీరు మాత్రం అసలు నియమాల్లాగే పద్ధతిగా ఉంటుంది.

2001 ఏప్రిల్ 28న నార్వేలోని బెర్గెన్‌లో లైనక్స్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థ అభిమానులు దాన్ని అక్షరాలా అమలు చేశారు. తొమ్మిది ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపితే నాలుగింటికే జవాబు వచ్చింది. అన్నిటికన్నా త్వరగా వచ్చిన జవాబుకి 53 నిమిషాలు పట్టింది, ఆలస్యమైనదానికి గంటా నలభై ఆరు నిమిషాలు.

అలాగని పావురాన్ని తక్కువ చేయకండి. 2009లో దక్షిణాఫ్రికాలో విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 జీబీ మెమరీ కార్డు కట్టి వదిలారు. హోవిక్ దగ్గర్నుంచి డర్బన్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. ఎగిరి వెళ్లడం, కార్డులోని డేటా కంప్యూటర్‌లోకి ఎక్కించడం అంతా కలిపి రెండు గంటల పైచిలుకు. ఆ సమయంలో అక్కడి ఏడీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) కనెక్షన్ మీద వెళ్లింది నాలుగు శాతం డేటా. మన పక్కన ఒడిశా పోలీసులు 1946 నుంచి పావురాల దళాన్ని నడిపారు. 1982 వరదల్లోనూ, 1999 తుఫానులోనూ ఫోన్లు పనిచేయనప్పుడు అవే కబుర్లు మోశాయి. కాబట్టి పక్షి ఇంటర్నెట్ అనగానే నవ్వొచ్చినా, ఆ ఆలోచనలో పస ఉందనే నేనంటాను.

"నేను టీ పాత్రను" అని చెప్పే ఎర్రర్ నంబర్ ఉందా?

ఉంది, 418. లారీ మాసింటర్ 1998 ఏప్రిల్ 1న కాఫీ కూజాలను నెట్ ద్వారా నడపడానికి సరదా నియమావళి రాశాడు. అందులో, కాఫీ కాచమని టీ పాత్రని అడిగితే అది 418 అని జవాబివ్వాలి. 2017లో కొన్ని సాఫ్ట్‌వేర్లలోంచి ఈ నంబర్‌ని తీసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. ఒక పదిహేనేళ్ల అబ్బాయి 418ని కాపాడండి అంటూ సైట్ పెట్టాడు, ప్రోగ్రామర్లు వెంట నిలిచారు, నంబర్ నిలబడింది. ఇప్పుడు అధికారిక నియమాల్లో ఇంకెవరికీ ఇవ్వకుండా దాన్ని పక్కన పెట్టి ఉంచారు.

ఒక ముసలావిడ పార పోటుకి దేశమంతా నెట్ పోయిందట?

2011లో జరిగింది. జార్జియాలో 75 ఏళ్ల ఆవిడ రాగి తీగ కోసం తవ్వుతూ పక్క దేశం ఆర్మీనియాకి వెళ్లే ఫైబర్ కేబుల్ తెంపిందని అక్కడి పోలీసులు చెప్పారు. ఆర్మీనియాలో చాలామందికి గంటల తరబడి ఇంటర్నెట్ లేదు. తనకు ఇంటర్నెట్ అంటే ఏంటో కూడా తెలియదని ఆవిడ విలేకరులతో అంది.

## సొంతంగా వెతికి చూసేటప్పుడు

మ్యాప్‌లో సున్నా, సున్నా అని కొడితే సముద్రంలోకి తీసుకెళ్తోంది. అక్కడ ఏముంది?

ఒక బోయా ఉంది, అంటే నీటి మీద తేలుతూ లంగరు వేసి ఉన్న వాతావరణ పరికరం. భూమధ్యరేఖ, గ్రీనిచ్ రేఖ కలిసే ఆ చోటు ఆఫ్రికా పశ్చిమాన, గినియా సింధుశాఖలో ఉంటుంది. నేల లేదు. అయినా మ్యాపులు తయారుచేసేవాళ్లు దానికి "నల్ ఐలాండ్" అని పేరు పెట్టుకున్నారు. ఎవరైనా అడ్రస్‌కి అక్షాంశ రేఖాంశాలు ఇవ్వడం మర్చిపోతే చాలా ప్రోగ్రాంలు ఆ ఖాళీని సున్నాలతో నింపేస్తాయి. దాంతో ఎక్కడెక్కడి దుకాణాలో, ఫోటోలో, ఇళ్లో ఆ నీళ్ల మధ్య చుక్కలుగా తేలతాయి. ఏదైనా జాబితాను మ్యాప్ మీద వేసినప్పుడు అక్కడ చుక్కలు కనిపిస్తే ఆ వివరాలు సగం నింపి వదిలేశారని అర్థం.

నెట్ లేనప్పుడు క్రోమ్‌లో డైనోసార్ ఎందుకు వస్తుంది?

నెట్ లేకపోతే ఆదిమ యుగంలోకి వెళ్లినట్టే అన్న సరదా ఊహ అది, 2014లో పెట్టారు. కంప్యూటర్‌లో స్పేస్ బార్ నొక్కితే, ఫోన్‌లో బొమ్మని తాకితే ఆట మొదలవుతుంది. చాలామంది దాన్ని ఉత్త బొమ్మ అనుకుని వదిలేస్తారు. పిల్లలకి చూపించండి.

కోపంగా చూసే ఆ రెండు కళ్ల బొమ్మ తెలుగు "ఠ"తో చేసిందా?

కొంచెంలో తప్పిపోయింది, అది కన్నడ ఠ. రెండు కన్నడ ఠలు రాసి మధ్యలో అడ్డగీత పెడితే (ಠ_ಠ) "ఏంటీ పని?" అన్నట్టు చూసే మొహం వస్తుంది. ఇంగ్లీషు నెట్‌లో ఇది బాగా వ్యాపించింది. వాడేవాళ్లలో చాలామందికి అది దక్షిణ భారతదేశపు అక్షరమని తెలియదు. మన అక్షరంతో రాస్తే ఇలా ఉంటుంది: ఠ_ఠ. గుండ్రం, నడుమ చుక్క రెండు లిపుల్లోనూ ఉన్నాయి. తేడా పైన ఉంది. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది. కన్నడంలో అది అడ్డంగా పరుచుకుని కనుబొమ్మలా కనిపిస్తుంది. ఆ కనుబొమ్మ వల్లే మొహానికి కోపం వచ్చింది.

ఈమెయిల్ మధ్యలో ఉండే గుర్తుని మనం "ఎట్ ది రేట్" అని ఎందుకంటాం?

అది మొదట లెక్కల పద్దుల్లోది. ‘పది బస్తాలు, ఒక్కోటి ఇంత రేటు చొప్పున’ అని రాయడానికి వాడే గుర్తు. మన దగ్గర ఆ పాత పేరే నిలిచిపోయి, ఫోన్‌లో ఈమెయిల్ చెప్పేటప్పుడు "ఎట్ ది రేట్" అంటున్నాం. 1971లో రే టామ్లిన్సన్ దీన్ని ఈమెయిల్‌కి ఎంచుకున్నాడు. ఎవరి పేరులోనూ రాని గుర్తు కావడంతో మనిషి పేరుకీ కంప్యూటర్ పేరుకీ మధ్య కంచెలా పనికొస్తుందనుకున్నాడు.

ఒక్కో దేశం దాన్ని ఒక్కోలా చూసింది. ఇటలీ, కొరియా వాళ్లకి అది నత్త. రష్యావాళ్లకి కుక్క. డచ్చివాళ్లకి కోతి తోక. డెన్మార్క్ వాళ్లకి తొండమున్న ‘ఎ’. తెలుగులో కూడా ఇలాంటి పేరొకటి ఉంటే బాగుండునని నాకు చాలా కోరిక. మా చిన్నమ్మాయి దాన్ని "జిలేబీ" అంటుంది, నేనూ ఇంట్లో అలాగే అంటున్నాను.

పది లక్షల చుక్కలు అమ్మిన పేజీ ఇంకా ఉందా?

ఉంది. 2005 ఆగస్టులో అలెక్స్ ట్యూ అనే 21 ఏళ్ల ఇంగ్లండ్ కుర్రాడు కాలేజీ ఖర్చుల కోసం ఒక పేజీ పెట్టాడు. వెయ్యి చుక్కల వెడల్పు, వెయ్యి చుక్కల ఎత్తు, చుక్క ఒక డాలర్. పదేసి చుక్కల చదరాలుగా ప్రకటనలకి అమ్మాడు. 2006 జనవరికల్లా అంతా అమ్ముడైపోయింది. ఆఖరి వెయ్యి చుక్కలు ఈబే వేలంలో 38,100 డాలర్లు పలికాయి, మొత్తం 10,37,100 డాలర్లు. ఇప్పుడు వెళ్లి ఏ చదరం మీద నొక్కినా పేజీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. అప్పటి కంపెనీల్లో చాలా లింకులు పోయాయి. బొమ్మ మాత్రం సంతలో గోడకి అంటించిన పాత పోస్టర్లలా అలాగే ఉంది.

ఏఐ కంపెనీల సైట్ల పేర్ల చివర "డాట్ ఏఐ" ఉంటుంది. అది కృత్రిమ మేధకి కేటాయించిన పేరా?

కాదు. అది అంగ్విల్లా అనే చిన్న కరీబియన్ దీవికి కేటాయించిన పేరు, మనకి "డాట్ ఇన్" ఉన్నట్టు. జనాభా పదహారు వేల దరిదాపుల్లో ఉంటుంది. 2023లో ఈ పేర్ల అమ్మకం మీదే వాళ్ల ప్రభుత్వానికి దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి, మొత్తం ఆదాయంలో అయిదో వంతు పైనే. పసిఫిక్‌లోని తువాలు దీవులకి "డాట్ టీవీ" ఇలాగే కలిసొచ్చింది.

## నలుగురికీ పంపే ముందు

దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం అని రంగురంగుల ఫోటో వస్తుంది. పంపొచ్చా?

వద్దు. ఏటా పండగ రోజు ఉదయానికే కుటుంబం గ్రూపులో నాలుగుసార్లు వచ్చి పడే ఫోటో ఇదే. ఇది ఒక్క రాత్రి తీసింది కాదు, దీపావళిదీ కాదు. అమెరికా వాతావరణ సంస్థ ఉపగ్రహాల సమాచారంతో కొన్నేళ్లలో ఊళ్ల వెలుగులు ఎలా పెరిగాయో చూపించడానికి కూర్చిన పటం. తెలుపు 1992కి ముందునుంచీ ఉన్న వెలుగులు. నీలం 1992లో, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో కొత్తగా కనిపించినవి. అంటే ఆ రంగులు మతాబులవి కావు, సంవత్సరాలవి.

నిజమైన దీపావళి ఫోటో కావాలంటే నాసా 2012 నవంబర్ నాటిది ప్రచురించింది. అందులో దేశం మామూలు రాత్రిలాగే కనిపిస్తుంది, ఎందుకంటే మన దీపాల వెలుగు అంత ఎత్తునుంచి చూస్తే రోజూ ఉండే వెలుగుకి పెద్దగా తోడవదు. నాకైతే ఆ అసలు పటమే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. పండగకి కాకపోయినా, ఏ ప్రాంతానికి కరెంటు వెలుగు ఎప్పుడు వచ్చిందో అందులో చదువుకోవచ్చు.

పేజీ దొరకనప్పుడు కనిపించే 404 అనేది వెబ్ పుట్టిన ఆఫీసులో ఒక గది నంబరట కదా?

కాదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో 404 గదిలో వెబ్ పుట్టిందని, ఫైలు దొరక్కపోతే "గది 404లో లేదు" అనేవాళ్లని కథ. వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీతో కలిసి పనిచేసిన రాబర్ట్ కయో దీన్ని కొట్టిపారేశాడు. మొదటి 4 అంటే అడిగినవాళ్ల వైపు పొరపాటు అని. వెనక ఉన్న 04 ఆ వర్గంలో వరుస సంఖ్య.

ఈ కథ నేనూ నమ్మి చాలామందికి చెప్పాను. తెలిశాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. అప్పట్నుంచి వినడానికి మరీ అందంగా ఉన్న కథ వస్తే రెండు రోజులు ఆగి పంపుతున్నాను.

మన జాతీయ గీతాన్ని ప్రపంచంలో ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందా?

లేదు. యునెస్కో అలాంటి పోటీ పెట్టలేదు, ఆ మాట ఆ సంస్థే చెప్పింది. పంపినవాళ్లు పెద్దవాళ్లయితే గ్రూపులో అందరి ముందూ అనకండి. "పెదనాన్నా, ఇది తప్పట" అని విడిగా ఒక ముక్క రాస్తే చాలు, నొచ్చుకోరు.

ఒక వింత నిజమో కాదో నా అంతట నేను ఎలా చూసుకోవాలి?

ముందు పేరు, ఊరు, సంవత్సరం ఉన్నాయేమో చూడండి. "ఒక దేశంలో ఒక శాస్త్రవేత్త" అని ఉంటే అక్కడే ఆగండి. ఫోటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి పాత తేదీతో ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడండి. నిన్నటి సంఘటన ఫోటో ఐదేళ్ల కిందటే నెట్‌లో ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. ప్రచురించిన తేదీ ఏప్రిల్ 1 అవుతుందేమో కూడా గమనించండి. "పది మందికి పంపండి" అని చివర ఉందంటే నేను చదవడం కూడా మానేస్తాను.

## దాచుకోవాలనుకున్నప్పుడు

నచ్చిన పేజీ రేపు పోతే ఎలా?

వెబ్ పేజీల నకళ్లు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో దాచండి. బ్రూస్టర్ కేల్ 1996లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లది, 2001 నుంచి అందరికీ తెరిచి ఉంది. పేజీ చిరునామా అక్కడ ఇచ్చి "సేవ్ పేజ్ నౌ" నొక్కితే ఆ రోజున ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. ఇప్పటికే పోయిన పేజీ అయినా పాత చిరునామా మీ దగ్గరుంటే ఒకసారి వెతకండి. మూతపడిన తెలుగు బ్లాగులు కొన్ని నాకు అక్కడే దొరికాయి. తెలుగు పేజీలు కనిపించినప్పుడల్లా దాచే అలవాటు చేసుకోమని అందరినీ అడుగుతుంటాను. ఇంగ్లీషు పేజీలకి దాచేవాళ్లు చాలామంది ఉన్నారు, మనవాటికి మనమే.

పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్‌లో ఉన్నాయంటారు, వెతికితే రావేం?

ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు చాలా అక్కడ ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవాళ్లకి తోచిన స్పెల్లింగుతో ఉంటాయి. దీర్ఘానికి ఒకచోట రెండు ‘ఎ’లు, ఇంకోచోట ఒకటే. చివర ‘ము’ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ‘ం’ అవుతుంది. మూడు నాలుగు రకాలుగా మార్చి, రచయిత ఇంటిపేరుతో కూడా వెతకండి.

మొదటి నవ్వు ముఖం గుర్తు ఎవరు వాడారో ఇంత కచ్చితంగా ఎలా తెలుసు?

టేపులు దాచినవాళ్ల పుణ్యం. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1982లో కంప్యూటర్ నోటీసు బోర్డు మీద ఎవరో లిఫ్టులో పాదరసం ఒలికినట్టు సరదాగా రాశారు, కొందరు నిజమనుకున్నారు. అది హాస్యమని తెలిసేదెలా అన్న చర్చలో, సెప్టెంబర్ 19న ఉదయం 11:44కి స్కాట్ ఫాల్మన్ సరదా మాటకి :-) అని, సరదా కానిదానికి :-( అని పెడదామన్నాడు. తల పక్కకి వంచి చూడమని కూడా రాశాడు.

ఆ తర్వాత ఆ సందేశం కనబడకుండా పోయింది, చెప్పుకునే మాటగానే మిగిలింది. 2002లో కొందరు పూనుకుని పాత బ్యాకప్ టేపులు వెతికించారు. అంత పాత టేపుల్ని చదవగలిగే యంత్రం దొరకాలి, దాన్ని అర్థం చేసుకునే ప్రోగ్రాం కావాలి, సరైన తేదీ టేపు తేలాలి. అన్నీ కుదిరి, ఇరవై ఏళ్ల తర్వాత, తేదీ టైముతో సహా మూడు నాలుగు పంక్తుల ఆ సందేశం బయటపడింది.